వాపసు వచ్చిన కార్డు మీద పసుపు

మా నాన్న ఉన్నన్నాళ్ళూ తణుకు బజారులో మాకు ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఆయన తర్వాత దాన్ని నేను నిలబెట్టలేకపోయాను. ఎవరైనా అడిగితే పెద్ద షాపులు వచ్చాయనో, బేరాలు పడిపోయాయనో చెబుతుంటాను. నిజానికి కొట్టుకి వచ్చినవాళ్ళతో నేను సరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు. మేకులు తూచి పొట్లం కడుతూ కూడా, ఎదుటివాడు నన్ను మోసం చేయడానికే వచ్చాడన్నట్టు చూసేవాణ్ణి. మనిషి మొహం చూడక్కర్లేని వ్యాపారం అయితే నాకు నప్పుతుందనిపించింది. అలా ఈ పనిలోకి వచ్చాను.

ఇప్పుడు ఇంట్లోనే, వీధి వైపు గదిలో కూర్చుని, కంప్యూటర్ విడిభాగాలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. కాలేజీలు, ఆఫీసులు వదిలించుకునే పాత కంప్యూటర్లు కొంటాను. వాటిని విప్పి, పనికొచ్చేవి ఏరి, దుమ్ము దులిపి, పరీక్షించి ఒక వెబ్‌సైట్‌లో పెడతాను. ఎక్కడెక్కడివాళ్ళో కొంటారు. పొద్దున్నే టిఫిన్ల వేళ దాటాక కొరియర్ అతను వచ్చి పెట్టెలు పట్టుకెళతాడు. ఇంట్లో ఉండేది అమ్మ, మా ఆవిడ, నేను.

మొదట్లోనే ఒకసారి దెబ్బతిన్నాను. ఎవరో ఒకతను నేను పంపిన మంచి కార్డు ఉంచేసుకుని, అదే రకం కాలిపోయిన కార్డు పెట్టెలో పెట్టి, పని చేయడం లేదని వాపసు పంపాడు. అది నాది కాదని రుజువు చేసుకోలేకపోయాను. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. సరుకు అమ్ముడవగానే, సాయంత్రం వెలుతురు ఉండగా దాన్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తాను. స్టిక్కరు మీది నంబరు కనబడేలా మరొకటి తీస్తాను. అట్టపెట్టెలో పెట్టి, మూత వేయకుండా బల్ల మీద ఉంచుతాను. మర్నాడు కొరియర్ వచ్చే ముందు చిరునామా సరి చూసి, పైన బుడగల కవరు కప్పి, టేపు వేస్తాను. ఏదైనా వాపసు వస్తే, దాన్ని విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా మా ఆవిడ వీడియో తీయాలి. నాలాంటి అమ్మకందార్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. అందులో ఈ పద్ధతి గురించి గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇక నన్నెవరూ మోసం చేయలేరనేవాణ్ణి.

ఉప్పాడ నుంచి ఒకావిడ గ్రాఫిక్స్ కార్డు కోసం ఫోన్ చేసింది. తెర మీద బొమ్మలు తేటగా, ఆగిపోకుండా కనబడేలా చేసే కార్డు అది. దానికి ఒక అంచున బంగారు పూత పూసిన సన్నని పళ్ళు వరసగా ఉంటాయి. కంప్యూటర్ గాడిలో దిగేది ఆ అంచే. ఆవిడ జాందానీ చీరలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసి మగ్గాలవాళ్ళకి ఇస్తుందట. చీర అంచు బొమ్మ పెద్దది చేసి చూసేసరికి తెర బిగుసుకుపోతోందట.

"ఇది పెడితే ఆగకుండా వస్తదాండి?" అని అడిగింది.

"వస్తుందండి. నేను పరీక్షించే పంపుతాను."

"ఆయ్, అయితే పంపేయండి."

అది అప్పట్లో నా గదిలో ఉన్నవాటిలో ఖరీదైన సరుకు. కొన్నాళ్ళుగా బేరాలు మందకొడిగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, పెద్ద బేరం తగిలిందని. ఫొటోలు తీస్తూ ఏదో పాట కూడా కూనిరాగం తీశానట. మా ఆవిడ తర్వాత చెప్పింది.

వారం తిరక్కుండానే వెబ్‌సైట్ నుంచి కబురు వచ్చింది. కొన్నవారు వాపసు పంపుతున్నారు. కారణం, తెర మీద బొమ్మ రావడం లేదు.

పెట్టె వచ్చేలోపే నాకు తెలిసిపోయినట్టనిపించింది. ఈ మాట దాచను. పెట్టె చేతికి రాకముందే ఆవిడ దొంగ అని నా మనసు తీర్మానించుకుంది. తర్వాత చేసిందంతా దానికి సాక్ష్యం వెతకడమే.

మా ఆవిడ ఫోన్ పట్టుకుని నిలబడింది. టేపు కోసి, కార్డు బయటికి తీశాను. బంగారు పళ్ళ అంచు మీద పచ్చటి మరక ఉంది. స్టిక్కరు మీద అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. నా ఫొటోలో అంచు అద్దంలా ఉంది, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ వీడియోలో నా గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది. "చూశారాండీ? ఏదో పాత చెత్త కార్డు, అంకెలు గీకేసి, మన పెట్టెలో పెట్టి పంపారు. ఉప్పాడ చీరలే కాదు, ఉప్పాడ తెలివి కూడా చూడండి." మా ఆవిడ నవ్విన చప్పుడు కూడా అందులో ఉంది.

ఆ కార్డుని ఒకసారైనా కంప్యూటర్‌కి తగిలించి చూడలేదు. ఒక టీ తాగేంతసేపు పట్టే పని. అలుక్కుపోయిన అంకెల్ని లైటు కింద పెట్టి చూసినా సగం చదవగలిగేవాణ్ణి. చూడకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. చూస్తే నా కోపం పోతుందేమోనని నాలో ఎవరో భయపడ్డారు.

సరుకు మార్చేశారని వెబ్‌సైట్‌కి ఫిర్యాదు చేశాను. వీడియోని గ్రూపులో పెట్టాను, ఆవిడ పేరు, ఊరు అన్నీ రాసి, ఈవిడతో జాగ్రత్త అని. కార్డుని సాక్ష్యంగా బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆవిడ ఫోన్ చేసింది.

"నేను ఉప్పాడ నుంచండి. కార్డు తిరిగి పంపాను కదండీ."

"చెప్పండి."

"నేను సరుకు మార్చేశానని రాశారంటండి. ఇచారణ అయ్యేదాకా అని నా అకౌంట్ ఆపేశారండి. చీరలమ్మేది కూడా అందులోనేనండి. మగ్గం దిగిన చీరలు ఇంట్లో ఉండిపోయాయండి."

"మార్చకపోతే ఆ మరకేంటండీ?"

"పసుపండి. వచ్చినప్పుడే ఉందండి. మీరు పూజ చేసి పంపారనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నానండి, ఎవరో మనలాంటోళ్ళే, బొట్టు పెట్టి మరీ పంపారు చూడు అని."

నేను పకపకా నవ్వాను. "గ్రాఫిక్స్ కార్డుకి ఎవరమ్మా బొట్టు పెట్టేది? కథ చెప్పినా కాస్త నమ్మేలా చెప్పాలి."

"మాది వేటకెళ్ళే ఇల్లండి. బొట్టు పెట్టకుండా పడవ నీళ్ళలోకి దింపం. నాకందులో వింతేం కనబళ్ళేదండి." ఆవిడే మళ్ళీ అందుకుంది. "నన్ను దొంగంటే అన్నారు గానీ, ఆ చీరల సంగతి చూడండి బాబూ. నేసినోళ్ళు ఊరూరా తిరగలేరని, నేనమ్మి పెడతానని మాటిచ్చాను. దొంగన్న మాట పడ్డాక నాకింకెవరిస్తారండి చీరలు?"

"అదంతా వెబ్‌సైట్ వాళ్ళతో చెప్పుకోండి" అని పెట్టేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర దాన్ని హాస్యకథ చేసి చెప్పాను. ఆవిడ గొంతు అనుకరించాను. "మీరు పూజ చేసి పంపారనుకున్నానండీ!" అని సాగదీశాను.

మా ఆవిడకి పొలమారింది. "రేపు కీబోర్డుకి హారతిచ్చారంటుంది, చూడండి" అంది.

అమ్మ మజ్జిగ పోసుకోబోతూ ఆగింది. గిన్నె కింద పెట్టి, కంచంలో చేయి కడిగేసుకుంది.

"అన్నం వదిలేశావేంటమ్మా?"

"వేడి చేసిందిరా నాన్నా" అంటూ లేచి పెరట్లోకి వెళ్ళింది.

నేను పెరుగు వేసుకుని తిన్నాను.

శుక్రవారం వచ్చింది. వీలున్న శుక్రవారాల్లో అమ్మ పెనుగొండ అమ్మవారి గుడికి వెళ్ళొస్తుంటుంది. ఒక్కతే వెళ్ళడం అలవాటే. ఆ రోజు తెల్లవారగానే బయల్దేరింది. బస్టాండు దాకా బండి మీద నేనే దింపాను. సంచి ఎప్పటికన్నా బరువుగా ఉంది. ఏముందని అడిగితే, అమ్మవారికి అంది. "జాగ్రత్తగా వెళ్ళిరా" అని, బస్సు ఎక్కేదాకా కూడా ఆగకుండా వచ్చేశాను.

మధ్యాహ్నం ఉప్పాడ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. తీయలేదు. మళ్ళీ మోగింది. మూడోసారి, పోట్లాడటానికి సిద్ధపడి తీశాను.

"మీ అమ్మగారు మా ఇంట్లో ఉన్నారండి. కంగారు పడకండి, బాగానే ఉన్నారు."

"మా అమ్మ పెనుగొండ వెళ్ళింది."

"ఆయ్, మీకలా చెప్పొచ్చానన్నారండి. పెట్టె మీద నా నంబరు చూసి నిన్న ఫోన్ చేశారు. నేనే కాకినాడ బస్టాండుకెళ్ళి తీసుకొచ్చానండి."

ఆ క్షణంలో కూడా నాకు వచ్చింది అనుమానమే. ఇదేదో కొత్త ఎత్తు, ముసలావిణ్ణి మాయమాటలు చెప్పి రప్పించుకుంది అనుకున్నాను. "అమ్మకివ్వండి" అన్నాను.

"ఒరే నాన్నా" అంది అమ్మ. "వచ్చేటప్పుడు బీరువాలో ఉన్న ఆ కార్డు పట్టుకురా. ఈ పిల్ల తప్పేం లేదురా."

"అసలు నువ్వక్కడికెళ్ళడమేంటమ్మా? నీకేం తెలుసని?"

"ఫోన్లో చెప్పేది కాదు. రా."

మా అమ్మ నాతో అంత ముక్తసరిగా మాట్లాడటం నాకు గుర్తు లేదు.

కార్డు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. సిద్ధాంతం వంతెన దాటేదాకా ఆవిణ్ణి ఏమేం అడగాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. రావులపాలెంలో బస్సు ఆగింది. అరటి గెలల లారీ ఒకటి అడ్డం తిరగడంతో, కండక్టరు దిగి కేకలేస్తున్నాడు. ఏమీ తోచక కార్డు బయటికి తీశాను. ఇన్నాళ్ళూ దాన్ని నేను సరిగ్గా చేతిలోకి తీసుకోనేలేదు. మరక దగ్గర వేలితో రుద్ది, ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పసుపు. పసుపుతోపాటు సన్నగా పచ్చకర్పూరం. మా అమ్మ పసుపు కొమ్ములు దంపించి, అందులో కాస్త పచ్చకర్పూరం నూరి కలిపి, ఇత్తడి భరిణెలో పెట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచీ మా దేవుడి అలమర తలుపు తీస్తే వచ్చే వాసన అది.

పక్క సీటులో కూర్చున్నాయన నన్ను వింతగా చూసి, "మందాండి?" అని అడిగాడు. కాదన్నాను. జొన్నాడ వంతెన ఎక్కేసరికి, అమ్మ ఆ మధ్యాహ్నం కంచంలో చేయి కడుక్కోవడం కళ్ళ ముందుకొచ్చింది. గోదావరి నిండుగా ఉంది. కాకినాడ చేరేదాకా మళ్ళీ తల తిప్పి ఏమీ చూడలేదు.

ఉప్పాడ వెళ్ళే తీరం రోడ్డు మీద అలలు రాళ్ళకు కొట్టుకుని ఆటోలోకి తుంపర పడుతోంది. ఆవిడ రోడ్డు పక్కనే నిలబడి ఉంది. నాకన్నా చిన్నది, ముప్ఫై దాటి ఉంటాయేమో. గొడవకి దిగుతుందనుకున్నాను. చేయెత్తి ఆటో ఆపి, "రండి" అని ముందు నడిచింది.

"ఇల్లు దగ్గరేనాండి?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఇదివరకు దూరమేనండి. ముందు రెండు వరసలు సముద్రం తినేసింది, ఇప్పుడు మాదే ముందుంది." అరుగు దగ్గర నా చెప్పుల వైపు చూసి, "అక్కడిప్పకండి, కుక్క పట్టుకుపోద్ది. లోపల పెట్టుకోండి" అంది.

రెండు గదుల ఇల్లు. ఒక మూల వలలు కుప్పగా ఉన్నాయి. బయట తాడు మీద చేపలు ఎండుతున్నాయి, ఆ వాసన ఇంటినిండా ఉంది. మా ఇంట్లో నీసు గడప దాటదు. బయటికి వెళితే అమ్మ మంచినీళ్ళు కూడా సీసాలో పట్టుకెళ్ళి తాగుతుంది. అలాంటి అమ్మ, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోకుండా, ఒళ్ళో పరిచిన చీర అంచు చూసుకుంటోంది. పక్కన స్టీలు గ్లాసు ఖాళీగా ఉంది.

నా చూపు గ్లాసు మీదికి పోవడం అమ్మ చూసింది. "టీయేరా. బాగా పెట్టింది" అంది.

"ఉప్పాడకి రవికల గుడ్డ తెచ్చారండి మీ అమ్మగారు!" అంది ఆవిడ, బల్ల మీది పళ్ళెం చూపిస్తూ. పళ్ళెంలో పసుపు, కుంకుమ, అరటిపళ్ళు, తమలపాకులు, గులాబీ రంగు గుడ్డ. "వచ్చీ రావడంతోనే బొట్టు పెట్టి, ఇది చేతిలో పెట్టి, క్షమించు తల్లీ అన్నారు. నాకు కాళ్ళు చేతులు ఆడలేదండి. పెద్దావిడ కదా."

నేను అమ్మ ముందు కింద కూర్చున్నాను. "నువ్వేనా అమ్మా?" అన్నాను.

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకేంట్రా? బొట్టు పెట్టకుండా మీ నాన్న కొట్టు లోంచి ఏ సరుకు బయటికెళ్ళింది? కొత్త గంప వస్తే గంపకి, కాటా వస్తే కాటాకి పెట్టేదాన్ని. నీ సామాన్లు మాత్రం ఏం పాపం చేశాయి? నువ్వు ఫొటోలు తీసి, మూతెయ్యకుండా బల్ల మీద పెట్టేస్తావు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, వచ్చి పెట్టేదాన్ని."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదలెట్టిన కాణ్ణుంచి. మిగతా వాటికి పెట్టె అడుగున పెట్టేదాన్ని. పైన నీ బుడగల కవరు వస్తుంది కదా, నీకు కనబడదు." అమ్మ చీర అంచుని వేళ్ళతో సవరించింది. "ఇదొక్కటే... పెద్ద బేరం అన్నావు. చాలా రోజులకి నీ మొహంలో నవ్వు చూశాను. దానికి ఒక పక్కన ఏవో బంగారంలా మెరుస్తున్నాయి. లక్ష్మి ఉంటే అక్కడే ఉంటుందనుకుని అక్కడ పెట్టాను. తర్వాత నువ్వు చూస్తే అరుస్తావని తడిగుడ్డతో తుడిచి, ఆ పక్క అడుక్కి తిప్పి పెట్టేశాను. ఆ అంకెలు కూడా నా గుడ్డ తగిలే పోయుంటాయి."

"నాతో చెప్పొచ్చు కదమ్మా."

"ఒకసారి చూసి అరిచావు కదరా, ఆ కొరియర్ అబ్బాయి ముందు."

నేను మర్చిపోయాను. అమ్మ అనగానే మొత్తం గుర్తొచ్చింది. వ్యాపారం మొదలెట్టిన కొత్తలో, ఒక మదర్‌బోర్డు పెట్టె మూత మీద కుంకుమ చూశాను. 'బుద్ధుందా నీకు? ఇదేమన్నా గుమ్మమా? నీ చాదస్తంతో నా వ్యాపారం కూడా ముంచుతావా?' అని వీధికి వినబడేలా అరిచాను. కొరియర్ అతను తల దించుకుని పెట్టెలు లెక్క చూసుకున్నట్టు నటించాడు. అమ్మ కొంగుతో ఆ మూత తుడిచింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ కనబడకపోయేసరికి, మానేసిందని, నా మాట విందని అనుకున్నాను.

"సరే, అప్పుడంటే అరిచాను. మొన్న భోజనాల దగ్గర చెప్పొచ్చు కదా. ఈవిడ ఇంత బాధ పడుతోందని తెలిసి కూడా..."

నా గొంతు అప్పటికే లేస్తోంది. క్షమించమని అడగాల్సిన చోట కూడా నేను అమ్మ మీద తప్పు మోపుతున్నాను. అమ్మ నా వైపు చూడలేదు.

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు నవ్వుతున్నావు. నీ నవ్వు తర్వాత వచ్చేదేంటో నాకు తెలుసు కదరా."

ఆవిడ మెల్లగా అంది, ఎత్తిపొడుపేమీ లేకుండా. "మీకు చెప్పడం కన్నా, ఊరు కాని ఊరు నా దగ్గరికి రావడమే తేలికైందండి మామ్మగారికి."

ఇంత వయసొచ్చింది, నా గురించి ఎవరెవరో ఏమేమో అన్నారు. ఆ మాటలా ఏదీ తగల్లేదు.

ఏం చేయాలో తెలియక, చేతనైన పని చేశాను. "పెన్సిల్ రబ్బరుందాండి?" అని అడిగాను. డిజైన్లు గీసుకునే బల్ల సొరుగులోంచి తీసిచ్చింది. దాంతో కార్డు బంగారు పళ్ళని ఒక్కొక్కటే రుద్దాను. ఎండిపోయిన పసుపు పొడిపొడిగా రాలింది. కంప్యూటర్ పక్క పలక విప్పి, కార్డు గాడిలో దింపి, స్విచ్ వేశాను. తెర వెలిగింది. ఆవిడ ఒక డిజైన్ తెరిచి, మామిడిపిందెల అంచుని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. ఒక్కో దారం ఒక్కో గడిగా విడిపోయేదాకా వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు.

అమ్మ లేచి వచ్చి చూసింది. "ఈ గళ్ళు చూసి నేస్తారా!" అంది.

"ఆయ్, ఇదే అచ్చేసి మగ్గం కింద పెట్టుకుంటారండి." ఆ తర్వాత ఆవిడ నా వైపు తిరిగింది. "బొమ్మొచ్చింది. మరి నా పేరు సంగతేంటండి?"

ఫోన్ తీసి, అక్కడే కూర్చుని, ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. తప్పు అమ్మినవారిదే అని రాశాను. చూసి చెబుతామని వెబ్‌సైట్ నుంచి జవాబు వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

"మీ గ్రూపులో వీడియో పెట్టారంట కదండీ" అంది ఆవిడ. "అది చేతులు మారి మా ఊరోళ్ళ ఫోన్లకి కూడా వచ్చింది. నాకు చీరలిచ్చే పెద్దాయనొకరు నిన్న అడిగారు, ఏంటమ్మా ఇది అని."

"తీసేస్తానండి, ఇప్పుడే."

"చూసినోళ్ళ బుర్రల్లోంచి తీస్తారాండి? వీడియో పెట్టారు, మళ్ళీ వీడియోయే పెట్టండి."

గ్రూపులో వాళ్ళంతా కళ్ళ ముందు మెదిలారు. పద్ధతుల గురించి పాఠాలు చెప్పినవాణ్ణి. కార్డులకు పసుపు పూసే కొట్టని తెలిస్తే ఇక ఎవరు కొంటారన్న భయం కూడా పట్టుకుంది. "అమ్మని అల్లరి పెట్టడం ఇష్టం లేదండి" అన్నాను. అబద్ధం. అల్లరి పడటం ఇష్టం లేనిది నాకు.

"నన్నడ్డం పెట్టుకోకు" అంది అమ్మ. "నేను చేసింది చెప్పు, నాకేం సిగ్గు లేదు. నువ్వు చేసింది కూడా చెప్పు."

ఆవిడే ఫోన్ పట్టుకుంది. గోడకి ఆనుకుని నిలబడి మొదలుపెట్టాను. "అందరికీ నమస్కారమండి. మొన్న పెట్టిన వీడియో విషయంలో మా ఇంట్లో జరిగిన చిన్న పొరపాటు వల్ల..."

ఫోన్ దించేసింది. "చిన్నదాండి?"

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మాటలు వెతుక్కోలేదు. "ఈవిడ నిజం చెప్పారు. నేను నవ్వాను. కార్డుకి ఉన్న పసుపు మా అమ్మ పెట్టిన బొట్టు. అది మా ఇంట్లోంచే వెళ్ళింది. సరుకు మార్చలేదు. నేను కార్డు తగిలించి కూడా చూడకుండా ఈవిణ్ణి దొంగన్నాను, ఊరు పేరు పెట్టి ఎగతాళి చేశాను. ఈవిడ దొంగ కాదు. ఈ వీడియో కూడా ఆ వీడియో వెళ్ళినంత దూరం వెళ్ళాలి, దయచేసి పంపండి." చివర్లో అమ్మ పక్కనుంచి వచ్చి, నా చొక్కా కాలరు సరిచేసింది. అది కూడా వీడియోలో పడింది. మళ్ళీ తీద్దామా అని అడిగితే, ఇదుండనివ్వండి అంది ఆవిడ.

చీకటి పడకముందే బయల్దేరాం. కాకినాడ బస్టాండులో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. క్షమించమని అడగడానికి మా ఇంట్లో మాటల్లేవు, అరవడానికే ఉన్నాయి. చాలాసేపు వెతుక్కుని, చివరికి "కాళ్ళు లాగుతున్నాయా?" అన్నాను.

"లేదురా" అంది. కాసేపాగి, "కొంచెం" అంది. నా సంచి తీసి ఆమె కాళ్ళ కింద పెట్టాను. వద్దనలేదు.

గ్రూపులో నవ్వులు చాలానే వచ్చాయి. 'అన్నయ్యా, నాకు ర్యామ్ కావాలి, కుంకుమ ఎక్కువేసి పంపండి' అని ఒకరు. 'ఆ పెట్టెతోపాటు ప్రసాదం కూడా ఉంటుందా' అని ఇంకొకరు. ఎవరో ఒకాయన మాత్రం వెక్కిరింపేమీ రాయకుండా, మా అమ్మకి నమస్కారం చెప్పమన్నాడు. వెబ్‌సైట్ వాళ్ళు వెంటనే కదల్లేదు. రోజూ ఫోన్ చేసేవాణ్ణి, ఒకే సంగతిని వేర్వేరు గొంతులకు మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి. ఎవరి మీదా విసుక్కోలేదు. ఒకరోజు ఆవిడే ఫోన్ చేసింది.

"అకౌంట్ తెరిచారండి. చీరలెళ్ళాయి. ఆ పెద్దాయన కూడా ఇంకోటిచ్చారండి అమ్మమని."

"సంతోషమండి" అన్నాను. ఇంకేదో అనాలని నేను గొంతు సవరించుకునేలోపే, "మామ్మగారున్నారాండి?" అని అడిగింది.

ఇప్పుడు ఆవిడ ఫోన్ చేసేది అమ్మకే. డిజైన్లు, మగ్గాలు, ఆ ఊళ్ళో ఎవరి పెళ్ళి, మా వీధిలో ఎవరి గొడవ, అన్నీ మాట్లాడుకుంటారు. అమ్మ అంత గట్టిగా నవ్వగలదని నాకు తెలియదు. దేని గురించో తెలుసుకుందామని మొదట్లో గది గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి. నేను కనబడగానే అమ్మ గొంతు తగ్గిపోయేది, కొంగు సర్దుకుని కూర్చునేది. ఇన్నేళ్ళ అలవాటు, ఒక్క వీడియోతో పోయేది కాదు. అందుకని ఇప్పుడు ఆ ఫోన్ మోగిందంటే, కొరియర్ కోసం చూస్తున్నట్టు లేచి వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటాను. తలుపు దగ్గరగా వేస్తాను. లోపల్నుంచి అమ్మ నవ్వు వినబడుతూ ఉంటుంది.